వరండా చివరి గది

రెండు గడియారాలు ఒక మాట మీద నిలబడటం లేదు. అదీ కోదండపాణికి వచ్చిన కష్టం.

ఒకటి అతను కట్టింది. రెండోది దైవసహాయం కట్టింది. ఒకే గురువు దగ్గర, ఒకే ఏడాది మొదలుపెట్టి, ఒకే వరండాకు ఈ చివరా ఆ చివరా ఉన్న గదుల్లో ఇద్దరూ చెరొకటి కట్టారు.

అవి గోడకు తగిలించే గడియారాలు కావు. వాటికి ముళ్ళుండవు, గంట కొట్టవు. గదిలో సగం ఆక్రమించే ఒక బల్ల, దాని నిండా వేలెడంత అద్దాలు, నడుమ గాలి తీసేసిన పాత్ర, ఆ పాత్రలో కంటికి ఆనని కాసిని పరమాణువులు. వాటి మీద లేజర్ కాంతి పడుతుంది. ఆ కాంతి ఊగే ఊపులను లెక్కపెట్టడమే గడియారం పని. లోకం పుట్టిన నాటి నుంచి నడిచినా ఈనాటికి ఒక్క సెకను తేడా రాకూడదు. అంత కచ్చితం.

అంత కచ్చితమైన రెండు గడియారాలనూ సన్నని గాజు తీగతో కలిపి పోల్చి చూస్తే, దైవసహాయం గడియారం రవ్వంత తొందరపడుతోంది. వారం చూశారు. నెల చూశారు. అదే తేడా. పెరగదు, తరగదు.

ఇది జరిగి చాలా ఏళ్ళయింది. కోదండపాణి ఇప్పుడు తానే పదిమందికి చదువు చెబుతున్నాడు. చల్లటి గదుల్లో కూర్చొని, మీట నొక్కితే పనిచేసే పరికరాలతో పిల్లలు కుస్తీ పడుతుంటే అతనికి ఆ కొండ గుర్తొస్తుంది. మదనపల్లె వైపు ఒక కొండ మీద, ఎప్పుడో దొరలు కట్టుకుని వదిలేసి పోయిన పొడుగాటి బంగళా. రాతి గోడలు, నాపరాళ్ళ నేల. పొద్దున కిటికీ తెరిస్తే మంచు లోపలికి వచ్చేది. కింద రాళ్ళ క్వారీలో యంత్రం మొదలైతే బల్ల వణికేది, పని ఆపాల్సి వచ్చేది. మధ్యాహ్నం క్వారీవాళ్ళు భోజనాలకు లేచినప్పుడే వీళ్ళకు పని. అందరూ తినే వేళకు ఆకలితో పని చేయడం, అందరూ పని చేసే వేళకు చల్లారిన చిత్రాన్నం తినడం. ఎవరూ సణిగేవాళ్ళు కాదు. సణిగితే వినేవాళ్ళు కూడా లేరు.

వాళ్ళ గురువు పేరు మహబూబ్ పీరాన్ గారు. అందరికీ పీరాన్ సారు. చిత్తూరు జిల్లా మనిషి. తెల్ల చొక్కా, నల్ల చాయ్, తక్కువ మాట. తన గది తానే ఊడ్చుకునేవారు. ఎవరు తాగిన గ్లాసు వాళ్ళే కడగాలి, చెప్పులు గడప బయటే విడవాలి, ఎవరి బల్ల మీద చెయ్యి పెట్టాలన్నా వాళ్ళను అడిగి పెట్టాలి. ల్యాబులో ఇవి మూడే నియమాలు. తప్పినవాణ్ణి సారు తిట్టేవారు కాదు. వాడి గ్లాసు తానే కడిగి పెట్టేవారు. రెండోసారి ఎవడూ తప్పేవాడు కాదు.

ఆ బంగళాలో ఉన్నది గడియారాలవాళ్ళు ఒక్కరే కాదు. ఒక వైపు మేఘాల సంగతి చూసేవాళ్ళు, ఒక వైపు విత్తనాల సంగతి చూసేవాళ్ళు, వెనక వైపు మనుషుల సంగతి చూసేవాళ్ళు. ఈ చివరివాళ్ళకు పెద్ద అరుంధతమ్మ గారు. సంతలు, వలసలు, కులాల కట్టుబాట్లు, పెళ్ళి తంతులు, ఇవీ వాళ్ళ పరిశోధన. ప్రతి గురువారం వాళ్ళ సభ జరిగేది. తన శిష్యులు ఆ సభకు వెళ్ళి కూర్చోవాలని పీరాన్ సారు పట్టు. ఎందుకని అడిగితే, "కూర్చుంటే ఏం పోతుందప్పా?" అనేవారు.

కోదండపాణికి అది దండగ అనిపించేది. చదువులో మొదటివాడు. ఊళ్ళో మొదటివాడు, కాలేజీలో మొదటివాడు, కొండ మీద కూడా మొదటివాడే. కొలవడానికి వీల్లేని దాన్ని చదువు అనడమేమిటని అతని లోపలి మాట.

ఒక గురువారం అరుంధతమ్మ గారి శిష్యురాలు ఒకమ్మాయి గొర్రెల కాపరుల గురించి చదివింది. వాళ్ళకు వేళాపాళా పట్టింపు లేదని రాసుకొచ్చింది.

"ఎవరు చెప్పారమ్మా నీకు?" అన్నారు అరుంధతమ్మ గారు.

"కింద ఊరి రైతులు చెప్పారు మేడమ్."

"మంద దగ్గర ఎన్నాళ్ళున్నావు?"

"ఉండలేదు మేడమ్."

"అయితే ఇది రైతుల గురించి రాసిన కాగితం. కాపరుల గురించి కాదు. మళ్ళీ పోయిరా."

కోదండపాణి పక్కవాడి చెవిలో, అందరికీ వినబడేటట్టే అన్నాడు: "మనమే నయం రా బాబూ. పరమాణువులకు ఇల్లూ వాకిలీ లేవు. వాటి గడప తొక్కే బాధ లేదు."

నలుగురూ నవ్వారు. ముందు వరసలో కూర్చున్న పీరాన్ సారు వెనక్కి తిరగలేదు.

ఇంతకు ముందైతే ఆ మాట కోదండపాణి దైవసహాయం చెవిలో అనేవాడు. ఆ రోజుకి దైవసహాయం ఆ పక్కన లేడు. సభకు ఆ చివర కూర్చున్నాడు.

వాళ్ళిద్దరూ కొండకు వచ్చిన కొత్తలో ఒకే గదిలో ఉండేవాళ్ళు. కోదండపాణిది గోదావరి పక్క పల్లె. దైవసహాయానిది ఒంగోలు పక్క. తండ్రి చర్చి బడిలో పంతులు. ఒకడికి ఇంటి నుంచి పూతరేకులు వచ్చేవి, ఇంకొకడికి గోంగూర పచ్చడి వచ్చేది. రెండూ ఒక్క పళ్ళెంలో వేసుకుని తినేవాళ్ళు. మొదటి లేజర్ వెలిగించిన రోజున ఒకడు అద్దం మర తిప్పుతుంటే, ఇంకొకడు ఊపిరి బిగబట్టి తెర మీద వెలుగు చుక్కను చూసి, "ఆపరా! ఒక్క వెంట్రుకంత వెనక్కి! చంపావు పో, ఎక్కువైంది!" అని అరిచాడు. చుక్క సరిగ్గా పాత్ర గుండెలోకి పోయినప్పుడు ఇద్దరూ నేల మీద వెల్లకిలా పడి నవ్వారు. ఆ నవ్వు కోదండపాణికి ఇప్పటికీ వినబడుతుంది. అంత గట్టిగా అతను మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

చెడింది ఒక్క మాట దగ్గర. ఒక రోజు క్యాంటీన్లో, అందరూ ఉండగా, ఎవరో కోదండపాణి గడియారాన్ని మెచ్చుకున్నారు. దైవసహాయం పచ్చడి కలుపుకుంటూ, "అది అచ్చం మావాడిలాగే. ఎవరూ అడక్కముందే టైం చెప్పేస్తుంది," అన్నాడు.

గది గదంతా ఘొల్లుమంది. అందులో విషం లేదు. రోజూ వాళ్ళిద్దరి మధ్యా నడిచే మాటే. కానీ నలుగురి ముందూ వచ్చింది. ఎప్పుడూ మొదట నిలబడ్డవాడికి నలుగురి నవ్వు ఓర్చుకోవడం ఎవరూ నేర్పలేదు.

ఆ సాయంత్రం కోదండపాణి తన పెట్టె తీసుకుని వేరే గదికి మారాడు. మర్నాటి నుంచి "ఒరే" పోయి "మీరు" వచ్చింది. అది మర్యాద కాదు. తలుపు గడియ పెట్టడం. మొదట్లో దైవసహాయం రెండు మూడుసార్లు నవ్వించబోయాడు. తర్వాత అతనూ "మీరు" అనడం నేర్చుకున్నాడు. తన అంకెలు అతను కంప్యూటర్లో పెట్టేవాడు, ఇతను తీసి చూసుకునేవాడు. వరండా ఆ చివరి గదికి కోదండపాణి పోవడం మానేశాడు.

తేడా బయటపడ్డ తర్వాత ఒకసారి దైవసహాయం వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "నా దాంట్లో తప్పేమిటో నాకు తెలియట్లేదు. మీరొకసారి వచ్చి చూస్తారా?" అన్నాడు.

"చూడ్డానికేముందండీ? అంకెలు కనబడుతూనే ఉన్నాయిగా," అన్నాడు కోదండపాణి, తెర మీంచి చూపు తిప్పకుండా.

దైవసహాయం వెనక్కి వెళ్ళిపోయాడు.

ఇంతలో పై నుంచి కబురొచ్చింది. వచ్చే సోమవారం పెద్దల కమిటీ కొండకు వస్తుంది. రెండు గడియారాల్లో నమ్మదగింది ఏదో తేల్చి దాన్నే ముందుకు నడిపిస్తారు. రెండోదాన్ని విప్పేస్తారు. గడియారం విప్పేస్తే దాన్ని కట్టినవాడు కొండ దిగాల్సిందే. దైవసహాయం ఒంగోలులో ఏదో కాలేజీలో పాఠాలు చెప్పే పనికి అప్పుడే మాట్లాడుకున్నాడని క్యాంటీన్లో అనుకున్నారు.

కోదండపాణి రిపోర్టు రాశాడు. పూర్తి నిజాయితీతోనే రాశానని అనుకున్నాడు. వేడి వల్ల వచ్చే తేడా, అయస్కాంతం వల్ల వచ్చే తేడా, కాంతి ఎక్కువైతే వచ్చే తేడా, అన్నీ ఒక్కొక్కటిగా లెక్కగట్టాడు. చివర ఒక్క వాక్యం: ఇన్ని తీసేసినా మిగిలే తేడాకు కారణం రెండో గడియారంలో ఉన్న తెలియని దోషం. దాన్ని పట్టుకుని సారు గదికి వెళ్ళాడు.

"తేలిపోయింది సార్. తప్పు ఆ గదిలోనే ఉంది."

"ఏ గదిలో అప్పా?"

"దైవసహాయం గారి గదిలో."

ఆ "గారు" దగ్గర సారు ఒక్కసారి తలెత్తి చూశారు. మళ్ళీ కాగితం మీదికి చూపు దించారు. నెమ్మదిగా చివరి దాకా చదివారు.

"బాగా రాసినావు. వేడి చూసినావు, కాంతి చూసినావు. ఎత్తు?"

ఆ గడియారాలకు ఎత్తు పెద్ద సంగతి. భూమికి దగ్గరగా ఉన్న గడియారం రవ్వంత నిదానంగా, ఎత్తున ఉన్నది రవ్వంత వేగంగా నడుస్తుంది. మామూలు గడియారాలకు అది తెలియదు. వీటికి జానెడు ఎత్తు తేడా కూడా తెలిసిపోతుంది. మొదటి ఏడాది చదివే పిల్లవాడికీ తెలిసిన విషయమే.

"చూశాను సార్. రెండు గదుల నేలా ఒకే మట్టం. రెండు బల్లలూ ఒకే కొలత. బంగళా డ్రాయింగు తెప్పించి చూశాను."

"డ్రాయింగు చూసినావా."

"అవును సార్."

"ఆ గదికి పోయినావా?"

"పోవాల్సిన పని పడలేదు సార్. ఆయన అంకెలన్నీ నా దగ్గరే ఉన్నాయి."

"ఊఁ," అన్నారు సారు. చాయ్ చివరి గుక్క తాగి, గ్లాసు కడిగి బోర్లించారు.

"మీరు సంతకం పెడితే ఇవాళే పంపేస్తాను సార్."

"పెడతాలే. మొదట ఆ గొట్టం తీసుకురా పో. లేజర్‌కు చల్లనీళ్ళు పోయేది, కొత్త చుట్ట ఉంది చూడు."

అది వేలి లావు, అవతలికి కనబడే ప్లాస్టిక్ గొట్టం. చుట్ట విప్పితే వరండా పొడవునా సరిపోయింది. ఎందుకో కోదండపాణికి అర్థం కాలేదు. అడగడానికి అహం అడ్డొచ్చింది. సారు కొళాయి దగ్గర కూర్చుని తానే దాన్ని నీళ్ళతో నింపారు. తర్వాత దైవసహాయాన్ని పిలిచారు.

దైవసహాయం వచ్చాడు. గడ్డం పెరిగి ఉంది. చేతులకు అద్దాలు తుడిచే మందు వాసన. కోదండపాణి ఉన్న వైపు చూడలేదు.

"ఈ కొస నువ్వు పట్టుకో, ఆ కొస నువ్వు," అన్నారు సారు. "బల్ల పక్కన నిలువుగా ఎత్తి పట్టుకోవాల. నీళ్ళు నిలిచిన చోటు నుంచి బల్ల దాకా ఎంతుందో టేపు పెట్టి చూడాల. అంతే పని."

కోదండపాణి కొస పట్టుకుని తన గది వైపు తిరిగాడు.

"అటు కాదప్పా," అన్నారు సారు. "నువ్వు ఆ గదికి పో. ఆయప్ప నీ గదికి పోతాడు."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలా రోజుల తర్వాత.

"నా బల్ల దగ్గరకా సార్?" అన్నాడు కోదండపాణి.

"అడిగి పోవాలనేది నియమం. దైవసహాయం, అడుగప్పా."

దైవసహాయం ఇటు తిరిగాడు. "మీ బల్ల దగ్గరకు పోవచ్చాండీ?"

"పోండి," అన్నాడు కోదండపాణి. తనూ అడగాలని ఆలస్యంగా తట్టింది. "మరి నేను..."

"పోండి," అన్నాడు దైవసహాయం.

క్వారీ యంత్రం ఆగింది. కొండంతా నిశ్శబ్దమైంది. కోదండపాణి గొట్టం కొసను బొటనవేలితో మూసి పట్టుకుని, వరండా దాటి, ఆ చివరి గది గడప బయట చెప్పులు విడిచాడు.

లోపల చూసి అక్కడే నిలబడిపోయాడు.

గడియారం సగం విప్పి ఉంది. అద్దాలను ఒక్కొక్కటిగా తీసి, తెల్లగుడ్డ మీద వరసగా పేర్చి, ఒక్కొక్కదాని కింద చిన్న చీటీ అంటించాడు. "తుడిచాను. మార్పు లేదు." ఇంకోదాని కింద, "మార్చి చూశాను. మార్పు లేదు." ఇంకోదాని కింద, "దీనిది కూడా తప్పు కాదు." బల్ల చుట్టూ అట్టలు కట్టాడు, గాలి తగులుతుందేమోనని. కిటికీకి దుప్పటి కట్టాడు, ఎండ వస్తుందేమోనని. అది చలికి అతను కప్పుకునే దుప్పటే. మూల గోడకు ఆనించి పెట్టె ఉంది. తాడుతో కట్టి ఉంది.

తాను అంకెలు చూస్తూ కూర్చున్న నెలలన్నీ ఈ మనిషి ఇక్కడ తన తప్పు కోసం వెతుక్కుంటూ కూర్చున్నాడు.

"నీళ్ళు చూడప్పా!" అని సారు వరండా నడుమ నుంచి కేకేశారు.

కోదండపాణి గొట్టం నిలువుగా ఎత్తాడు. లోపల గాలి బుడగ ఒకటి ఇరుక్కుని ఉంది. నీరు కదలడం లేదు.

"బుడగ ఉంది సార్!"

"ఇద్దరూ ఒక్కసారే వేలు తీయండి. పోతుంది."

కోదండపాణి తీశాడు. అవతల తీయలేదు. మళ్ళీ మూసి, "ఇప్పుడు!" అని అరిచాడు. ఈసారి అవతల తీశాడు, ఇతను తీయలేదు. మూడోసారి ఇద్దరూ తీశారు గాని అవతలివాడు కొస మరీ పైకి ఎత్తాడు. నీళ్ళు చిమ్మి కోదండపాణి ముఖమంతా కొట్టాయి.

"దించరా ఒరేయ్, నెత్తి మీద పెట్టుకున్నావా ఏంటి! దించు!"

"నువ్వెత్తరా అక్కడ! పొట్ట దగ్గర పట్టుకుంటే నీళ్ళు కాక పాలొస్తాయా?"

వరండాలో సారు చేతులు వెనక్కి కట్టుకుని, నేల మీద గొట్టం మెలిక తిరిగిన చోట కాలితో సర్దుతున్నారు.

బుడగ పోయింది. నీరు పైకి, కిందికి, మళ్ళీ పైకి ఊగింది. ఊపు తగ్గింది. నిలిచింది. కోదండపాణి టేపు పెట్టాడు. నీటి అంచు నుంచి బల్ల దాకా.

"ముప్పై రెండు సెంటీమీటర్లు!" అని అరిచాడు.

అవతలి నుంచి వెంటనే జవాబు రాలేదు. టేపు మళ్ళీ పెట్టి చూస్తున్నట్టున్నాడు.

"ఏమప్పా?" అన్నారు సారు.

"సార్... యాభై ఒకటి."

"మళ్ళీ చూడు."

"రెండుసార్లు చూశాను సార్. యాభై ఒకటే."

నీళ్ళు రెండు కొసల్లోనూ ఒకే మట్టాన నిలుస్తాయి. బల్లలు రెండూ ఒకే కొలత. అంటే ఈ గది నేల ఆ గది నేల కంటే జానెడు ఎత్తు. కట్టేటప్పుడు కింద బండ తగిలి ఉంటుంది. మేస్త్రీలు తవ్వలేక నేల లేపి ఉంటారు. వరండాను మెల్లగా ఎత్తుకుంటూ వచ్చి, మెట్టు కనబడకుండా కలిపేసి ఉంటారు. డ్రాయింగు మాత్రం బంగళా కట్టక ముందు గీసింది.

కోదండపాణికి కాగితం అక్కర్లేకపోయింది. జానెడు ఎత్తుకు గడియారం ఎంత తొందరపడాలో మనసులోనే లెక్క వేశాడు. మళ్ళీ వేశాడు. ఇన్ని నెలలూ తాను దోషం అంటున్న తేడా సరిగ్గా అంతే.

ఆ గడియారం ఒక్క రోజు కూడా తప్పు చెప్పలేదు. ఈ గది ఎత్తున ఉందని, రోజూ, విసుగు లేకుండా చెబుతూనే వచ్చింది.

ముఖం మీది నీళ్ళు అతను తుడుచుకోలేదు. తెల్లగుడ్డ మీద వరసగా పేర్చిన అద్దాల వైపు చూస్తూ నిలబడ్డాడు. గడప దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. పీరాన్ సారు లోపలికి రాలేదు, అక్కడే నిలబడ్డారు. చేతిలో రిపోర్టు ఉంది. సంతకం కోసం కలం కూడా తెచ్చారు.

కోదండపాణి అటు తిరిగాడు.

"సార్, ఈ గడియారంలో దోషం లేదు."

"నాకెందుకప్పా చెప్తావు?" అన్నారు సారు. "వినాల్సినోడు ఆ చివర గొట్టం ఎత్తి పట్టుకోని నిలబడి ఉండాడు. చెయ్యి లాగుతూ ఉంటుంది. బిరీన పో."

కోదండపాణి తన కొసను సారు చేతికిచ్చి బయటికి వచ్చాడు. చెప్పులు వేసుకోలేదు. ఉత్తకాళ్ళతో నాపరాళ్ళ మీద నడిచాడు. ఇన్నేళ్ళుగా తిరిగిన వరండా దిగుడుగా ఉందని, అడుగడుగునా, అతని కాళ్ళకు తెలుస్తూ ఉంది.